ఇంట్లో క్రంబుల్ చేస్తే ఏ పండుకి ఏ పండు జత? పైన ఏం చల్లుతున్నారు?

కోనసీమ కోడలు
అందరికీ నమస్కారం. దసరాకి ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, కొన్నాం. కేకుల మోజు తీరాక ఇప్పుడు మా పిల్లలకి క్రంబుల్ పిచ్చి పట్టింది. అదేనండి, పళ్ళ ముక్కల మీద మైదా, వెన్న, పంచదార కలిపిన పొడి చల్లి ఓవెన్లో కాల్చే ఇంగ్లీషు తీపి వంటకం. యాపిల్, దాల్చిన చెక్కతో చేస్తే బాగానే తింటున్నారు. కానీ పెరట్లో అరటిగెల పండి రాలిపోతుంటే నేను బజారుకెళ్ళి యాపిల్ కొనుక్కురావడం మా మావయ్యగారికి సుతరామూ నచ్చట్లేదు. వీడియోల్లో రూబార్బ్ అంటారు, బ్లాక్‌బెర్రీ అంటారు. అమలాపురంలో అవెక్కడ దొరుకుతాయండీ! మన పళ్ళతో చేసినవాళ్ళుంటే ఏది దేనితో కలిపితే బాగుందో చెప్పరూ. ఇంకో టెన్షన్ ఏమిటంటే, పైన పొర కరకరలాడకుండా మెత్తబడిపోతోంది. దానికీ ఉపాయం కావాలి.

భీమవరం బేకింగ్
కోడలు గారూ, ముందు కొలత చూసుకోండి. తూకంలో మైదా రెండు పాళ్ళు, వెన్న ఒక పాలు, పంచదార ఒక పాలు. అంటే 200 గ్రాముల మైదాకి 100 వెన్న, 100 పంచదార, చిటికెడు ఉప్పు. అడుగున ముప్పావు కిలో పళ్ళ ముక్కలు పడతాయి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నని వేళ్ళ కొసలతోనే పిండిలో నలపాలి. అరచెయ్యి తగిలిందా, కరిగి చపాతీ ముద్ద అవుతుంది. మన ఎండాకాలంలో వేళ్ళకి కూడా ఆగదు. అప్పుడు వెన్నని ఫ్రీజర్లో గడ్డ కట్టించి తురుముపీట మీద తురిమేయండి. కలిపిన పొడిని మళ్ళీ పావుగంట ఫ్రీజర్లో పెట్టి, పళ్ళ మీద వదులుగా చల్లండి, అదమొద్దు. 180 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు. పైన రంగొచ్చింది కదా అని తీసేయకండి. గిన్నె అంచుల్లో రసం చిక్కగా, నెమ్మదిగా బుడగలు రావాలి. నీళ్ళలా పల్చగా ఉడుకుతోందంటే ఇంకా టైముందని.

ఇక పళ్ళు. రూబార్బ్ అసలు పండే కాదు, పుల్లటి కాడ. ఇంగ్లండులో క్రంబుల్‌కి వాడే బ్రామ్లీ యాపిల్ కూడా పచ్చిగా కొరికితే పళ్ళు పులిసిపోతాయి. పైన తీపి పొడి పడుతుంది కాబట్టి కింద పులుపు ఉండాలని వాళ్ళ లెక్క. మన దగ్గర చూస్తే అరటి, సపోటా, పనస అన్నీ తీపే. తీపి మీద తీపి పడితే నాలుగు చెంచాలకి మొహం మొత్తేస్తుంది. జత కుదిర్చేటప్పుడు ఒకటి తీపి, ఒకటి పులుపు చూసుకుంటే మిగతాది మీ ఇష్టం.

పాలకొల్లు పిన్ని
అమ్మాయ్, పులుపే కావాలంటే పచ్చి మామిడికాయ ఉండగా ఆ రూబార్బ్ గొడవ మనకెందుకే? ఆవకాయకి కాయలు తెప్పించే రోజుల్లో, టెంక ముదరని కాయలు ఓ రెండు పక్కన పెట్టుకో. చెక్కు తీసి వేలి మందాన ముక్కలు కొయ్యి. బాణలిలో నీళ్ళు చిలకరించి, ముక్కలేసి మూత పెట్టు. గరిటెతో నొక్కితే దిగాలి గానీ చితికిపోకూడదు. బెల్లం అప్పుడు వెయ్యి. ముందే వేశావంటే ముక్క బిరుసెక్కి ఎంతసేపు ఉడికినా అలాగే ఉంటుంది. అరకిలో ముక్కలకి 200 గ్రాముల బెల్లం పడుతుంది, కాయ పులుపుని బట్టి అటూ ఇటూ. పాకం కాస్త దగ్గరపడ్డాక దింపి, యాలకుల పొడి, రెండు చిటికెలు మిరియాల పొడి కలుపు. చల్లారాక ఒక బంగినపల్లి పండు ముక్కలు అందులో కలిపేసి, పైన మీ పొడి చల్లి ఓవెన్లో పెట్టడమే. పచ్చిదీ పండుదీ కలిస్తే ఆ వాసనే వేరు.

రసాలు మాత్రం పెట్టకు. నీరూ పీచూ తప్ప ముక్క నిలవదు. చిన్నరసం ఉన్నది జుర్రుకోడానికి.

లంకల అబ్బాయి
మాది రావులపాలెం దగ్గర లంక. అరటితోట మాదే కాబట్టి అరటి గురించి నేను చెప్పాలి, ఆయ్.

కోడలు గారూ, పెరట్లో గెల ఏ రకమో చెప్పలేదు. చక్రకేళి అయితే దయచేసి ఓవెన్లో పెట్టకండి. అంత తీపి, అంత మెత్తన, వేడి తగిలితే జావైపోతుంది. పైగా చక్రకేళిని వండటం పాపం అని మా నాన్నగారి ఉద్దేశం. కర్పూరం అయితే ముక్క గట్టిగా ఉంటుంది, తీపి వెనకాల కాస్త పులుపుంటుంది, దానికి జత అనాస. మచ్చలు పడేదాకా మగ్గపెట్టకండి, తొక్క పసుపు తిరిగి కాడ దగ్గర ఇంకా పచ్చగా ఉండగానే వాడాలి. అనాస ముక్కల్ని ముందు పంచదార వేసి పెనం మీద నీరు ఇగిరేదాకా వేయించండి. అరటిని అంగుళం మందాన చక్రాలు కోసి, నల్లబడకుండా నిమ్మరసం పట్టించి చివర్లో కలపండి. ఒక స్పూను అల్లం రసం కూడా. మా ఇంట్లో జలుబులు చేసే వానాకాలంలో ఇదే చేస్తాం, మందు అని చెప్పి పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ తింటారు.

కోనసీమ కోడలు
కర్పూరమేనండి. అనాస అంటే గుర్తొచ్చింది, క్రంబుల్ మీద కస్టర్డ్ పోసుకుంటాం కదా. పాలూ అనాసా కలిస్తే విరిగి చేదెక్కదా? మా అత్తగారు అదే అంటున్నారు. ఇంకోటి, కస్టర్డ్ పొడిలో గుడ్డుంటుందేమోనని ఆవిడ ముట్టుకోవట్లేదు.

భీమవరం బేకింగ్
అత్తగారి మాట పచ్చి అనాసకైతే నిజమే. అందులో బ్రొమెలైన్ అనే ఎంజైము పాలలోని ప్రొటీన్‌ని ముక్కలు చేస్తుంది, చేదు దాని వల్లే. బాగా ఉడికితే ఆ ఎంజైము పని చెయ్యదు. క్రంబుల్‌లో అనాస ఎలాగూ ఉడుకుతుంది కాబట్టి కస్టర్డ్ నిక్షేపంలా పోసుకోవచ్చు. అందం కోసం పైన పచ్చి ముక్క మాత్రం గుచ్చకండి. పచ్చి బొప్పాయితోనూ ఇదే తంటా.

పొడిలో గుడ్డు లేకపోవడమే దాని పుట్టుక అండి. 1837లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్డు పడకపోతే మొక్కజొన్న పిండితో కస్టర్డ్ చేశాడు. ఇప్పుడు దొరికే పొడి కూడా కార్న్‌ఫ్లోర్, రంగు, వెనిల్లా వాసన, అంతే. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూపించండి, నమ్ముతారు.

కాకినాడ తీపి
పనస తొనలు పెట్టినవాళ్ళున్నారా? ఓవెన్ వాసన పోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెప్పండి చాలు 😄

లంకల అబ్బాయి
ఓవెన్ సంగతి సరే, వీధి మొత్తానికి తెలిసిపోతుంది మీ ఇంట్లో ఏం వండారో.

కడియం నర్సరీ
ఎవరూ వాక్కాయ అనలేదేంటి? శ్రావణ భాద్రపదాల్లో పప్పులోకీ పచ్చడిలోకీ తెచ్చుకుంటాం కదా, సరిగ్గా అప్పుడే కొత్త సిమ్లా యాపిల్స్ దిగుతాయి. కిలో యాపిల్‌కి గుప్పెడు వాక్కాయలు చాలు. నిలువుగా చీల్చి గింజలు తీసెయ్యాలి. పాలు కారి వేళ్ళకి జిగురు అంటుతుంది, చేతికీ కత్తికీ నూనె రాసుకుని కొయ్యండి. తర్వాత ఉప్పు నీళ్ళలో కడిగేస్తే సరి. యాపిల్‌తో కలిసి మగ్గాక ముక్కలన్నీ లేత గులాబీ రంగుకి తిరుగుతాయి, రంగు డబ్బా అక్కర్లేదు. చెర్రీ వేశారా అని అడుగుతారు ఇంటికొచ్చినవాళ్ళు. మన యాపిల్‌లో పులుపు తక్కువ కాబట్టి ఆ లోటు ఇది తీరుస్తుంది.

నేరేడు పళ్ళతో కూడా చెయ్యొచ్చు గానీ వగరు పోవాలంటే పంచదార ఎక్కువ పడుతుంది, గింజలు తియ్యడం ఒక రోజు పని. జామ అయితే ఉడికించి జల్లెడలో వడకట్టాలి, లేకపోతే గింజలు పంటి కింద పడతాయి.

కాకినాడ తీపి
సపోటా పెట్టకండి, ఇసుక తిన్నట్టుంటుంది.

నరసాపురం లేసు
నేను ఒప్పుకోను. సపోటా గుజ్జులో కోకో పొడి కలిపి, పైన జీడిపప్పు వేస్తే మా వాళ్ళు గిన్నె గీకి తింటారు. ఒక్కటే కిటుకు, సపోటాకి నారింజ రసం పోయాలి. పంపర పనస తొనలు మాత్రం వద్దు, వేడికి చేదెక్కుతాయి. అవి పక్కన చల్లగా పెట్టుకుని తినండి, బాగుంటుంది.

మా వైపు కొబ్బరితోటల్లో చెట్ల మధ్య కోకో వేస్తారు కదా. గింజలు లారీలెక్కి పోతాయి, పొడి మాత్రం డబ్బాలో కొనుక్కొస్తాం!

ఇక పైన పొడి గురించి. మా ఇంట్లో వెన్న కంటే నెయ్యి ఎక్కువ. వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది, నెయ్యిలో ఉండదు. అందుకని 100 గ్రాముల వెన్న బదులు 80 గ్రాముల పేరుకున్న నెయ్యి చాలు. కరిగిన నెయ్యి పొయ్యకండి, పొడి రాదు, ముద్దవుతుంది. మైదాలో మూడో వంతు తీసేసి బొంబాయి రవ్వ కలిపితే కరకర ఎక్కువసేపు నిలుస్తుంది. జీడిపప్పు మోరి అనే ఊరి నుంచి తెచ్చుకుంటాం, దీనికి గుండు పప్పు దండగ, ముక్కలు అడగండి, ధర తక్కువ.

కోనసీమ కోడలు
కొబ్బరి వెయ్యొచ్చా? మా ఇంట్లో దానికి కొదవ లేదు. పోయినసారి బెల్లం, పచ్చి కొబ్బరి కోరు కలిపే పైన వేశాను.

నరసాపురం లేసు
మెత్తబడింది అందుకేనండి! రెండింట్లోనూ చెమ్మ ఉంటుంది. బెల్లం పళ్ళలో వేసుకోండి, పైన పొడిలో పంచదారే ఉండనివ్వండి. బెల్లం రుచి పైన కూడా కావాలంటే అమ్మే బెల్లం పొడిని పళ్ళెంలో పరిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టి వాడండి. కొబ్బరి అయితే ఎండుకొబ్బరి. పచ్చిదే వెయ్యాలంటే బాణలిలో నీరు పోయేదాకా వేయించండి. అదీ మొదట్లో వేస్తే మాడిపోతుంది, చివరి పది నిమిషాల్లో తలుపు తీసి చల్లండి. పళ్ళు నీరు వదిలే రకమైతే ముక్కలకి ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ పట్టించండి. దింపాక మూత మాత్రం పెట్టకండి. చీమల భయంతో మనం వెంటనే మూత పెట్టేస్తాం, ఆవిరంతా పొర మీదే పడుతుంది. నీళ్ళ పళ్ళెంలో గిన్నె పెట్టి పైన పల్చటి గుడ్డ కప్పండి.

లంకల అబ్బాయి
నేను చివర్లో పూతరేకు నలిపి చల్లుతా. పంచదార చుట్టని ఉత్త రేకులు ఆత్రేయపురంలో అమ్ముతారు కదా, అవి.

కాకినాడ తీపి
2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే ప్రభుత్వ ముద్ర, తెచ్చుకున్న రేకుని ఇంగ్లీషువాళ్ళ డెజర్టు మీద పొడి చేస్తావా తమ్ముడూ! ఆత్రేయపురం వెళ్ళినప్పుడు ఈ మాట అనకు.

లంకల అబ్బాయి
తిన్నాక అనండి అక్కా. కాకపోతే వడ్డించే ముందే చల్లాలి. ఓవెన్లో పెడితే మాడుతుంది, ముందే చల్లితే కరిగి కనపడకుండా పోతుంది.

మండపేట మీనా
ఓవెన్ లేనివాళ్ళం ఏం చెయ్యాలండి?

భీమవరం బేకింగ్
మీనా గారూ, రెండూ విడివిడిగా చెయ్యండి. పొడిని అడుగు మందంగా ఉన్న బాణలిలో సన్నసెగ మీద కలుపుతూ ఎర్రగా వేయించి, పళ్ళెంలో పరిచి చల్లార్చండి. పళ్ళు వేరే గిన్నెలో మగ్గించండి. తినే ముందు పళ్ళ మీద పొడి వేసుకోవడమే. నిజానికి ఇలా చేస్తే మెత్తబడే సమస్యే రాదు. యుద్ధం రోజుల్లో, 1940 జనవరి నుంచి ఇంగ్లండులో వెన్న, పంచదార రేషన్ మీద ఇచ్చేవారు. పళ్ళ పైభాగమంతా పిండి రొట్టెతో కప్పి ‘పై’ (pie) చేసే స్తోమత లేక, ఉన్న కాస్త పిండీ వెన్నా పొడిగా చల్లుకునే క్రంబుల్ అప్పుడే ఇంటింటికీ పాకింది. లేనివాళ్ళ వంట ఇది, ఓవెన్ లేదని, బెర్రీ లేదని ఆగకండి. వేయించిన పొడి గాలి చొరని డబ్బాలో వారం ఉంటుంది.

మిగిలిపోయిన క్రంబుల్‌ని మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పైపొర తోలులా సాగుతుంది. 160 డిగ్రీల ఓవెన్లో పావుగంట చాలు.

కోనసీమ కోడలు
నిన్న కర్పూరం, అనాస చేశాను, నెయ్యీ రవ్వా పద్ధతిలో. పైన పొర తెల్లారేదాకా కరకరలాడింది. అత్తగారు ఆకుపచ్చ చుక్క చూసి రెండోసారి కస్టర్డ్ పోయించుకున్నారు. మావయ్యగారు తాటిపండుతో చెయ్యమంటున్నారు. అవుతుందా పిన్నిగారూ?

పాలకొల్లు పిన్ని
ఎందుకవ్వదు. ముందు కొంచెం గుజ్జు నాలిక మీద పెట్టుకుని చూడు. కొన్ని చెట్ల పళ్ళు చేదుంటాయి, అవి పనికిరావు. చేదు లేకపోతే గుజ్జు పిండి, పీచు పోయేలా వడకట్టి, బెల్లం వేసి దగ్గరపడేదాకా కలుపుతూ ఉడికించు, తాటిరొట్టెకి చేసుకున్నట్టే. పైన పొడిలో మైదా తగ్గించి బియ్యపు రవ్వ, ఎండుకొబ్బరి ఎక్కువ వెయ్యి. పులుపు కావాలి కదా, పైన కస్టర్డ్ వద్దు, గుడ్డలో కట్టి నీరు దించిన పెరుగు వడ్డించు. గుజ్జు తీసేశాక టెంకలు పారెయ్యకు, పెరట్లో పాతరెయ్యమని మీ మావయ్యగారికి చెప్పు. సంక్రాంతికి తేగలొస్తాయి.