'ఏటి'ని 'ఏమిటి' చేస్తే దరువు ఏమవుతుంది?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు కదా, స్కూల్ వార్షికోత్సవానికి పిల్లల చేత తప్పెటగుళ్ళు (మన ఉత్తరాంధ్ర గొల్లల ఆటపాట) వేయిస్తున్నాం, పాటలో 'ఏటి', 'ఎలగ', 'సెప్పను' అని ఉంది, సరిచేసి పాడించాలా అని. దయచేసి సరిచెయ్యకండి మాస్టారూ. మా విజయనగరం వైపు ఇది మరీ ఎక్కువైపోయింది, పోటీలనగానే ముందు యాస తీసేస్తారు, ఆ తర్వాత పాట చప్పగా ఉందంటారు.

ఉదాహరణకి ఒక చరణం నేనే కట్టి చూపిస్తాను. 'ఏటి సెప్పను ఎలగ సెప్పను'. మాత్రలు లెక్కపెట్టండి (హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, ఒత్తక్షరానికి ముందున్నదానికీ రెండు), మూడు నాలుగు, మూడు నాలుగు. తకిట తకధిమి తకిట తకధిమి. ఇప్పుడు సరిచేసింది చూడండి, 'ఏమిటి చెప్పను ఎలాగ చెప్పను'. అన్నీ నాలుగులే అయిపోయాయి, మిశ్రం (మూడు నాలుగుల నడక) కాస్తా చతురశ్రం (నాలుగుల నడక) అయిపోయింది. తప్పెటగుళ్ళలో వాయించేవాడూ పాడేవాడూ ఆడేవాడూ ఒక్కడే, తప్పెట గుండెల మీదే కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ గజ్జెల కాళ్ళతో అడుగేస్తాడు, అంచేత నోట్లో ఒక్క మాత్ర పెరిగినా చేతికీ కాలికీ తెలిసిపోతుంది.

కింద ఒకరి కామెంట్: 'ఏమి చెప్పను' అంటే సరిపోతుంది కదండీ, 'ఏమి' కూడా మూడు మాత్రలే కదా?

సరిపోతుందండీ, మంచి ప్రశ్న వేశారు. లెక్క కుదిరినంత మాత్రాన పాట కుదరదు, దానికి గురజాడ వారినే చూడండి. 'దేశమంటే మట్టికాదోయ్', ముత్యాల సరం అనే ఛందస్సు, ఇదీ మూడు నాలుగుల నడకే. అక్కడ 'దేశమనగా' అని పెట్టినా మాత్రలు అచ్చంగా అన్నే, గణం ఎక్కడా చెడదు. 1910 నాటికి పద్యంలో 'అనగా' అంటే ఎవరూ అభ్యంతరం పెట్టరు కూడా, అయినా ఆయన 'అంటే' అన్నారు, చివర 'ఓయ్' అని పిలిచారు. ఛందస్సు బలవంతపెట్టలేదు, ఆయనే కావాలని ఎంచుకున్నారు, నాకు ఆ పద్యంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే. 'అనగా' అంటే పాఠం చెప్పినట్టుంటుంది, 'అంటే' అనగానే ఎదురుగా మనిషి నిలబడ్డాడు. 1892లో మా విజయనగరంలోనే ఆయన కన్యాశుల్కం నాటకం ఆడినప్పుడూ అంతే, ఎవరి నోటి మాట వాళ్ళకే ఉంది కాబట్టే ఆ మనుషులు ఇంకా మనకి తెలిసినవాళ్ళలా ఉంటారు.

'ఏమి చెప్పను' అని పాడొచ్చు, కానీ ఆ పాడే మనిషి మన గొల్లల వీధి మనిషి కాడు.

ఇంకో మాట, రాతలో పెట్టేటప్పుడు సాగదీసిన చోట దీర్ఘం ఇవ్వాలా, హ్రస్వమే రాసి వదిలేయాలా అన్నది శ్రీకాకుళం వైపు పాటలు సేకరిస్తున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి. 'ఎలగ'ని కొందరు 'ఎలాగ' అనే రాసేస్తున్నారు, చదివి నేర్చుకునే పిల్లలకి దరువు అక్కడే తప్పుతోంది.