"సన్నదు గల వకీలు" అంటే అడ్వకేటేనా?

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న 1912 నాటి భూమి కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. గోదావరి జిల్లావి. ఒకచోట "సన్నదు గల వకీలు వారిచే" అని ఉంది. నిఘంటువు చూస్తే సన్నదు అంటే ప్రభువు ఇచ్చే హక్కుపత్రం అని చెబుతోంది. వకీలుకు అదెందుకు? పక్కన నేటి తెలుగులో "పట్టా ఉన్న అడ్వకేటు" అని రాస్తే సరిపోతుందా?

– సరిపోతుందండీ. లా పాసైనవాడనే కదా అర్థం.

– మాస్టారూ, అక్కడే చిక్కు. లా పాసైతే వచ్చేది పట్టా. కోర్టులో నిలబడి మాట్లాడే అనుమతి సన్నదు. మొదటిది చదువు చెప్పినవారు ఇస్తారు, రెండోది వృత్తిని అదుపులో పెట్టేవారు ఇస్తారు. నలభై ఏళ్లు కోర్టులో గడిపినవాణ్ని, మా వాళ్ల నోట ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. "బ్యాంకు ఉద్యోగం రాగానే సన్నదు సస్పెండ్ చేయించుకున్నాడు" అంటారు. పూర్తికాలపు జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయకూడదని, వృత్తిని అదుపులో పెట్టే బార్ కౌన్సిల్ నియమం. ఉద్యోగంలో చేరితే కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపాలి. పట్టాకేమీ కాదు, అది గోడకు వేలాడుతూనే ఉంటుంది.

మాట పుట్టుక అరబ్బీది. సనద్ అంటే ఆనుకునేది, ఆసరా. ఒక హక్కుకు ఆసరాగా చూపే కాగితం కాబట్టి పత్రానికీ ఆ పేరే వచ్చింది. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినప్పుడు జమీందార్లకు కుంపిణీ ఇచ్చింది సన్నదులే. మీ నిఘంటువు ఆ అర్థం దగ్గర ఆగిపోయింది. వకీళ్ల సన్నదు అంతకన్నా ముందుది. 1793లో బెంగాల్‌లో చేసిన ఏడో రెగ్యులేషన్ ప్రకారం సదర్ దివానీ అదాలత్ అనే పెద్ద సివిల్ కోర్టు సన్నదు ఇచ్చినవారే కంపెనీ కోర్టుల్లో వకీళ్లు. అప్పటిదాకా ఎవరి తరఫున ఎవరైనా వెళ్లి మాట్లాడేవారు.

ఇక అడ్వకేటు అనవద్దు, ముఖ్యంగా 1912కి. అప్పుడు మద్రాసు హైకోర్టులో అడ్వకేట్లు వేరు, వకీళ్లు వేరు. కింద ఫస్ట్ గ్రేడ్, సెకండ్ గ్రేడ్ ప్లీడర్లు. 1879 నాటి న్యాయవాద వృత్తి చట్టంలో ముక్తార్లు, అంటే కింది కోర్టుల్లో పనిచేసే ఏజెంట్లు, కూడా ఉన్నారు. ప్లీడరు తన సర్టిఫికెట్టును స్టాంపు కాగితం మీద ఏటా కొత్తగా రాయించుకోవాలి. ఎవరి సన్నదు ఏ కోర్టు గడప దాకా పనిచేస్తుందో అంతవరకే వారి గొంతు. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో పేరు మోసిన సెకండ్ గ్రేడ్ ప్లీడరే. అయినా పై కోర్టులో వాదించే వీలు లేక 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. ఈ మెట్లన్నీ తీసేసి దేశమంతటికీ అడ్వకేటు అనే ఒకే తరగతిని పెట్టింది 1961 అడ్వకేట్స్ చట్టం.

– చిన్న చేర్పు. 1912 అన్నారు కనుక ఆ వకీలు పురుషుడేనని ధైర్యంగా రాసుకోవచ్చు. 1916లో రెజీనా గుహా అనే లా పట్టభద్రురాలు నమోదు కోరితే, చట్టంలోని "వ్యక్తి" అనే మాటలో స్త్రీ లేదని కలకత్తా హైకోర్టు తేల్చింది. ఆ అడ్డు తొలగడానికి 1923లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. వ్యాకరణం మీద ఇంత ఖరీదైన తగాదా నేను ఇంకొకటి చూడలేదు.

– "వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు" అని ఇంట్లో రోజూ అంటాం. సన్నదు లేకుండా నిజం వకాల్తా పుచ్చుకుంటే ఏమవుతుంది?

– ఆరు నెలల దాకా జైలు, 1961 అడ్వకేట్స్ చట్టం 45వ సెక్షన్. ఎవరి కేసు వారు వాదించుకోవచ్చు, దానికి సన్నదు అక్కర్లేదు. ఫలానా కేసులో ఫలానా మనిషిని మాట్లాడనిద్దామని కోర్టు అనుకున్నా చెల్లుతుంది. ఈ రెండూ కాకపోతే పేరు రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్స్‌లో, అంటే న్యాయవాదుల జాబితాలో, ఉండి తీరాలి. అదీ ఒకే రాష్ట్రంలో. ప్రాక్టీసు మాత్రం దేశంలో ఎక్కడైనా. కొత్తవారికి అఖిల భారత బార్ పరీక్ష కూడా ఉంది. అది చెల్లదన్న వాదనను 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తోసిపుచ్చింది.

– ఈ రోల్స్‌లో పేరు నమోదు చేసే పేరుతో బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజాయి కదండీ, దానికేం మాట వాడాలి?

– రుసుము అనండి చాలు, కోపం వస్తే దండుగ అనండి. చట్టంలో ఉన్నది రాష్ట్ర కౌన్సిల్‌కు 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150 రూపాయలు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 100, 25. అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పాత వసూళ్లు తిరిగి ఇవ్వనక్కర్లేదని కూడా చెప్పింది, అది నాకు మింగుడుపడలేదు.

ఒక మాట తప్పు పత్రికలది. బార్ కౌన్సిల్‌నూ, బార్ అసోసియేషన్‌నూ రెంటినీ "న్యాయవాదుల సంఘం" అని రాసేస్తారు. కౌన్సిల్ చట్టం పుట్టించిన సంస్థ. మందలించడం, కొంతకాలం సస్పెండ్ చేయడం, రోల్స్ నుంచి పేరు కొట్టేయడం దాని క్రమశిక్షణ కమిటీ పని. అసోసియేషన్ ఊరి కోర్టులో వాళ్లు పెట్టుకున్న సంఘం. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వకాల్తా వేయరాదని ఇలాంటి సంఘాలు తీర్మానాలు చేస్తుంటాయి. అవి చెల్లవని 2010లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. పేపరులో మాత్రం "న్యాయవాదుల సంఘం నిషేధం" అని శీర్షిక వస్తుంది, చదివినవాడు సన్నదు పోతుందేమోనని హడలిపోతాడు. అసోసియేషన్‌కు సంఘం అనండి, కౌన్సిల్‌ను కౌన్సిల్‌గానే ఉంచండి.

– ప్రశ్న వేసినదాన్ని. "సన్నదు గల వకీలు" అని మూలంలో ఉన్నట్టే ఉంచి, కింద "కోర్టు అనుమతి పొందిన వకీలు" అని వివరణ ఇస్తున్నాను. సనదు, సన్నదు, సనద్, ఏది రాయాలి?

– మీ కాగితంలో ఎలా ఉంటే అలాగే. హైదరాబాదులో సనద్ అంటారు, కోస్తాలో పాతవాళ్లు నకారాన్ని వత్తి పలుకుతారు.