పబ్లిషర్ డబ్బు తీసుకోవాలా, సొంతంగానే విడుదల చేసుకోవాలా?

నాలుగోకుర్చీ:

నమస్కారం. మేం నలుగురం. ఇద్దరం కోడ్ రాస్తాం, ఒకమ్మాయి బొమ్మలన్నీ వేస్తుంది, ఇంకొకతను సంగీతం, శబ్దాలు చూసుకుంటూ ఖాళీ దొరికితే టెస్టింగ్ కూడా చేస్తాడు. 14 నెలలుగా ఒక పజిల్ వీడియో గేమ్ మీద ఉన్నాం. మొన్న స్టీమ్ (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) వాళ్ళ నెక్స్ట్ ఫెస్ట్ అనే డెమోల పండగలో మా డెమో పెట్టాం. ఇవాళ్టికి విష్‌లిస్టులు, అంటే విడుదలయ్యాక కొందామని గుర్తు పెట్టుకున్నవాళ్ళు, 6,800. జీతాలూ సాఫ్ట్‌వేర్ ఖర్చులూ కలిపి నెలకి 9,000 డాలర్లవుతోంది. చేతిలో 45,000 ఉన్నాయి, అంటే 5 నెలలు. పనేమో ఇంకా 11 నెలలు మిగిలుంది.

డెమో చూసి ఒక పబ్లిషర్ (డబ్బు పెట్టి ఆటని విడుదల చేసే సంస్థ) మెయిల్ పెట్టారు. అడ్వాన్సు 1,50,000 డాలర్లు, మైల్‌స్టోన్ల వారీగా, అంటే పని దశ దశగా పూర్తయ్యే కొద్దీ ఇస్తారు. వాళ్ళు పెట్టింది వెనక్కి వచ్చాక చెరి సగం. ఆట మీద హక్కులు మావే. కన్సోల్ పోర్టులు (ప్లేస్టేషన్ లాంటివాటికి ఆటని మార్చడం), అనువాదాలు, ప్రచారం వాళ్ళు చూసుకుంటారు. మాలో ఇద్దరు సంతకం పెడదామంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు. నేను ఏ ఇద్దరిలో ఉన్నానో రోజుకోసారి మారుతోంది. మీరైతే ఏం చేస్తారు?

రాత్రిబిల్డ్:

వద్దు బ్రో. స్టీమ్‌లో ఆట పెట్టడానికి 100 డాలర్లు చాలు, అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అదీ వెనక్కి ఇస్తారు. 30 శాతం ఎలాగూ స్టీమ్ పట్టుకుపోతుంది. మిగిలిందాంట్లో సగం ఇంకొకళ్ళ చేతిలో ఎందుకు పెట్టాలి? నాలుగు ట్వీట్లు వేసి, పదిమంది స్ట్రీమర్లకి ఆట ఉచితంగా ఆడుకునే కీలు పంపేదానికా?

హాలో నైట్ చూడు. చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగే జట్టు. 2014లో కిక్‌స్టార్టర్‌లో (జనం దగ్గర చందాలు పోగేసే సైటు) 57,000 ఆస్ట్రేలియా డాలర్ల పైచిలుకు పోగేసుకుని 2017లో సొంతంగా విడుదల చేసుకున్నారు. స్టార్‌డ్యూ వ్యాలీ అయితే ఒక్కడు చేశాడు, ఏ పబ్లిషరూ లేకుండా.

లెక్కలమారి:

చిన్న సవరణ. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే చేసిన మాట నిజం. కానీ 2016లో విడుదలైనప్పుడు పబ్లిషర్ ఉంది, చకిల్‌ఫిష్. ఆట నిలదొక్కుకున్నాకే, 2018 చివర్లో, చాలా ప్లాట్‌ఫారాల మీద పబ్లిషింగ్‌ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. సూపర్‌జెయింట్ అనే స్టూడియో కథ కూడా దాదాపు అంతే. 2011లో బాస్టియన్‌ని వార్నర్ బ్రదర్స్ విడుదల చేసింది. 2014లో ట్రాన్సిస్టర్ నుంచి సొంతం.

వీటిని ఎవరి పక్షాన వాళ్ళు వాడుకోవచ్చు. అందుకే ఉదాహరణలతో ఈ గొడవ తేలదు. నాలుగోకుర్చీ గారూ, ఒప్పందంలో రికూప్ క్లాజు ఉంటుంది, అంటే వాళ్ళ పెట్టుబడిని వెనక్కి రాబట్టుకునే పద్ధతి. అక్కడ ఏం రాసుందో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టగలరా?

రాత్రిబిల్డ్:

స్టార్‌డ్యూ విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటా. మిగతాదానికి కట్టుబడి ఉన్నా.

పాతకాపు:

రాత్రిబిల్డ్ తమ్ముడూ, పబ్లిషరంటే నాలుగు ట్వీట్లు అనుకుంటే నువ్వింకా కన్సోల్ సర్టిఫికేషన్, అంటే ఆటని అమ్మనిచ్చే ముందు కన్సోల్ కంపెనీ చేసే తనిఖీ, ముఖం చూడలేదన్నమాట. ఆట నడుస్తుండగా కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే తెర మీద ఏం రావాలి, సేవ్ అవుతుండగా ఏ హెచ్చరిక చూపించాలి, లాగిన్ మధ్యలో పోతే ఏం చెయ్యాలి... ఇలా చాంతాడంత జాబితా. ఒక్కటి తప్పితే వెనక్కి కొడతారు, మళ్ళీ వరసలో నిలబడాలి. దానికి తోడు వయసు రేటింగులు, అనువాదాలు, ఆ అనువాదాల్లో అక్షరాలు పెట్టెలో పట్టక బయటికి పొంగిపోవడం. ఇవన్నీ చేసేది ఎవరు? కోడ్ రాసే ఆ ఇద్దరే. 11 నెలల పని 11 నెలల్లో అవ్వకపోవడానికి సగం కారణం ఇదే.

బలాట్రో అనే ఆట చేసింది కూడా ఒక్కడే. 2024 ఫిబ్రవరిలో ప్లేస్టాక్ అనే పబ్లిషర్‌తో వచ్చింది. మొదటి నెలలోనే 10 లక్షల కాపీలు అమ్ముడైంది. ఆట బాగుంది కాబట్టి ఎలాగైనా ఆడేది అంటారు. కావచ్చు. కానీ ఆ కుర్రాడు ఆ నెలంతా మెయిళ్ళకి జవాబులు రాస్తూ కూర్చోలేదు.

శబ్దశాల:

నా అనుభవం చెప్తాను. పబ్లిషర్ పేరు అడక్కండి, చెప్పను.

మా అడ్వాన్సు అయిదు మైల్‌స్టోన్లుగా ఉండేది. మూడోది ఆల్ఫా, అంటే ఆట ఇంకా ముడిగా ఉన్న దశ. అప్పటికి ఆడగలిగే కాపీ, అదే బిల్డ్, పంపించాం. ఒప్పందంలో "పబ్లిషర్ ఆమోదించిన తరవాత చెల్లింపు" అని ఉంది తప్ప ఎన్ని రోజుల్లో ఆమోదించాలో ఎక్కడా లేదు. మేం చదివాం, మాకు తట్టలేదు. ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ప్రతి సోమవారం "చూస్తున్నాం" అని ఒక మెయిల్ వచ్చేది. జీతాలు నా సొంత పొదుపు నుంచి ఇచ్చాను. ఏడో వారంలో తెలిసిందేంటంటే, మా ఆటని ఇష్టపడి ఒప్పందం కుదిర్చినావిడ మానేసింది. ఆవిడ స్థానంలో వచ్చినాయనకి పజిళ్ళంటే పడదు.

ఇది మా ఒక్కళ్ళ దురదృష్టం అనుకోకండి. 2024 సెప్టెంబరులో అన్నపూర్ణ ఇంటరాక్టివ్ (అమెరికా సినిమా సంస్థ అన్నపూర్ణ పిక్చర్స్ ఆటల విభాగం) సిబ్బంది మొత్తం ఒకేసారి రాజీనామా చేశారు. ఎంత పేరున్న పబ్లిషరో అందరికీ తెలుసు. కాబట్టి మీరు మనిషిని నమ్మి సంతకం పెడుతుంటే, ఆ మనిషి రేపు ఉండకపోవచ్చు. ఉండేది ఆ కాగితం ఒక్కటే.

అలాగని నేను వద్దనను. ఆమోదానికి గడువు రాయించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఆమోదించినట్టే అని.

నాలుగోకుర్చీ:

లెక్కలమారి గారూ, క్లాజు ఇది: "డెవలపర్ వాటా నుంచి అడ్వాన్సు, అనువాద, పోర్టింగ్, ప్రచార ఖర్చులు పూర్తిగా వసూలయ్యే వరకు డెవలపర్‌కు చెల్లింపు ఉండదు." ఖర్చులు 60,000 వరకు అవ్వొచ్చని మాటల్లో చెప్పారు.

లెక్కలమారి:

నేను భయపడింది ఇందుకే. అందరికీ అర్థమయ్యేలా వేస్తాను.

ధర 15 డాలర్లు అనుకుందాం. డిస్కౌంట్లు, దేశాన్ని బట్టి తగ్గించిన ధరలు, పన్నులు, రిఫండ్లు (కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు తిరిగి ఇచ్చేస్తుంది) అన్నీ పోగా కాపీకి సగటున 9 వస్తుందనుకుందాం. అందులో స్టీమ్ 30 శాతం పోతే 6.30. ఆ 30 తగ్గి 25 అయ్యేది ఆట ఆదాయం కోటి డాలర్లు దాటాక, 20 అయ్యేది 5 కోట్లు దాటాక. మనకి ఆ బెంగ అక్కర్లేదు.

రాబట్టాల్సింది 1,50,000కి 60,000 కలిపి 2,10,000.

మొత్తం రాబడి నుంచి రాబట్టుకుంటే: 2,10,000ని 6.30తో భాగించండి. 33,333 కాపీలు. ఆ తరవాతి కాపీ నుంచి మీకు 3.15.

మీ వాటా నుంచి రాబట్టుకుంటే, అంటే మీ కాగితంలో ఉన్నట్టు: 2,10,000ని 3.15తో భాగించాలి. 66,667 కాపీలు. అప్పటిదాకా మీకు ఒక్క సెంటు రాదు. వాళ్ళకి మాత్రం పెట్టింది మొత్తం వచ్చేసి, దానిపైన ఇంకో 2,10,000 లాభం కూడా వచ్చేసి ఉంటుంది. "వాళ్ళు పెట్టింది వెనక్కి వచ్చాక చెరి సగం" అని మొదటి పోస్టులో రాశారు చూడండి, అది నిజం కాదు. "డెవలపర్ వాటా నుంచి" అన్న మూడు మాటల్లో 33,334 కాపీల తేడా ఉంది.

ఇక "మాటల్లో చెప్పిన" 60,000కి పైకప్పు లేదు. రేపు 90,000 ఖర్చయిందంటే మీరేం చేస్తారు? పైకప్పు, లెక్కలు తనిఖీ చేసే హక్కు, రెండూ కాగితం మీద ఉండాలి. రా ఫ్యూరీ అనే పబ్లిషర్ 2021లో తమ ఒప్పందం నమూనాని బయటపెట్టింది, ఎవరైనా చదవొచ్చు. మీ కాగితాన్ని దాని పక్కన పెట్టి చదవండి.

రాత్రిబిల్డ్:

నేను ముందే చెప్పా.

లెక్కలమారి:

మీరు చెప్పింది ఇది కాదండీ. సొంత విడుదల లెక్క కూడా చూడండి. విష్‌లిస్టుల్లో మొదటి వారం కొనేది 10 నుంచి 20 శాతం అని చాలామంది వేసుకునే చేతి లెక్క. ఆటని బట్టి ఎటైనా పోవచ్చు. 15 అనుకుంటే 1,020 కాపీలు. అంటే సుమారు 6,400 డాలర్లు. వీళ్ళ నెల ఖర్చుకి కూడా చాలదు.

రాత్రిబిల్డ్:

ఎర్లీ యాక్సెస్‌లో పెట్టొచ్చుగా, పూర్తికాకముందే అమ్మడం మొదలుపెట్టి. హేడీస్ 2018 డిసెంబరు నుంచి 2020 సెప్టెంబరు దాకా అలాగే నడిచింది.

పాతకాపు:

హేడీస్ ఒకసారి అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి ఆడే ఆట. పజిల్ విప్పేశాక ఇంకేం మిగులుతుంది? సగం చేసిన పజిల్ ఆట అమ్మడమంటే చివరి పేజీలు లేని డిటెక్టివ్ నవల అమ్మడమే. కొన్నవాడు మిగతా సగం కోసం రెండోసారి రాడు.

ఎమాంగ్ అస్ 2018లో వచ్చి 2020లో ఊపందుకుందని కూడా ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు. రెండేళ్ళు ఎదురుచూడగలిగినవాడికి అది బాగానే ఉంటుంది. వీళ్ళ దగ్గర ఉన్నది 5 నెలలు.

ఖాళీస్లాట్:

ఇంతసేపూ తీసుకోవాలా వద్దా అనే మాట్లాడుతున్నారు. ఎంత తీసుకోవాలో ఎవరూ అడగలేదు. 11 నెలలు, నెలకి 9,000, మొత్తం 99,000. చేతిలో 45,000. కావాల్సింది 54,000. మరి 1,50,000 ఎందుకు? వాళ్ళు ఇస్తామన్నారు కాబట్టా? అది బహుమతి కాదు, ప్రతి డాలరూ మీ కాపీల్లోంచే వెనక్కి పోతుంది.

నాలుగోకుర్చీ:

నిజం చెప్పాలంటే, ఆ అంకె చూడగానే నలుగురం గాల్లో తేలిపోయాం. ఎంత కావాలో మేం లెక్కేసుకోనే లేదు.

బయటి పనులు తీసుకోమని కూడా కొందరు అంటున్నారు. పోయిన ఏడాది ఒకటి చేశాం, 6 వారాలు. డబ్బు బాగానే వచ్చింది. తిరిగొచ్చి మా కోడ్ తెరిస్తే ఎవరో రాసినట్టు అనిపించింది. మళ్ళీ చేయి తిరగడానికి ఇంకో నెల.

శబ్దశాల:

54,000 మాత్రం అడక్కండి. 11 నెలలన్నది 14, 15 అవుతుంది. లక్ష అడగండి. మీ 45,000తో కలిపితే 16 నెలలు వస్తుంది.

ఇంకొకటి. మీ నలుగురి మధ్య కాగితం ఉందా?

నాలుగోకుర్చీ:

కాలేజీ నుంచి స్నేహితులం అండీ. కంపెనీ నా పేరు మీద, ఇంకో కోడర్ పేరు మీద ఉంది. మిగతావి మాట మీదే.

శబ్దశాల:

అయితే ముందు అది చూసుకోండి, పబ్లిషర్ సంగతి తరవాత. ఆటలో ఉన్న ప్రతి బొమ్మా ప్రతి పాటా మీ కంపెనీదేనని పబ్లిషర్ మీ చేత హామీ సంతకం పెట్టించుకుంటాడు. రాతపూర్వకంగా హక్కులు బదిలీ చెయ్యకపోతే ఆ బొమ్మలు ఆ అమ్మాయివి, ఆ పాటలు ఆ అబ్బాయివి అనే వాదన రావచ్చు. మీరు మీవి కానివాటికి హామీ ఇస్తున్నట్టు అవుతుంది. డెడ్ సెల్స్ ఆట చేసిన మోషన్ ట్విన్ స్టూడియోలో అందరికీ సమాన జీతం, సమాన ఓటు. వాళ్ళు దాన్ని మాట మీద వదిలెయ్యలేదు, కార్మికుల సహకార సంస్థగా పెట్టుకున్నారు. స్నేహం ఉన్నప్పుడే రాసుకోండి. చెడ్డాక రాసుకునేది లాయరు.

నాలుగోకుర్చీ:

తొమ్మిది రోజుల తరవాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ముందు మా కాగితం. రెండు పేజీలే, కానీ ఒక సాయంత్రమంతా పట్టింది. పాటలని విడిగా ఆల్బమ్‌గా అమ్ముకునే హక్కు తనకే ఉండాలని మావాడు మొదట్నుంచీ అనుకుంటున్నాడట. 14 నెలలుగా పక్క పక్కనే కూర్చుంటున్నాం, ఎవరికీ తెలీదు. ఇచ్చేశాం. బొమ్మలమ్మాయికి కంపెనీలో వాటా రాశాం. ఆ మాట అడగడానికి తను ఏడాది నుంచి మొహమాటపడుతోందట.

తరవాత పబ్లిషర్‌కి రాశాం. అడ్వాన్సు 1,00,000 చాలన్నాం, ఆశ్చర్యపోయారు. ఆమోదానికి 15 రోజుల గడువు ఒప్పుకున్నారు. ఖర్చులకి 40,000 పైకప్పు, లెక్కల తనిఖీ ఒప్పుకున్నారు. మొత్తం రాబడి నుంచే రికూప్ చేసుకోమంటే మాత్రం కుదరదన్నారు. బదులుగా ఇంకోటి చెప్పారు: పెట్టుబడి తిరిగొచ్చేదాకా మొదటి కాపీ నుంచీ 70 వాళ్ళకి, 30 మాకు. ఆ తరవాత చెరి సగం. ఇది పాతదానికన్నా నయమా, మళ్ళీ ఏదైనా మెలిక ఉందా?

లెక్కలమారి:

వాళ్ళ 70 శాతం మొత్తం రికూప్‌కే జమ అవుతుందని కాగితంలో ఉంటే చాలా నయం. 6.30లో వాళ్ళకి 4.41. రాబట్టాల్సింది 1,40,000. అంటే 31,746 కాపీలు. అప్పటికి మీ చేతికి 60,000 వచ్చి ఉంటుంది. పాతదాంట్లో ఆ సమయానికి మీకు సున్నా, ఇంకా దాదాపు 35,000 కాపీలు అమ్మాల్సి ఉండేది. నేనైతే పెడతాను సంతకం, లాయరుకి ఒకసారి చూపించి.

రాత్రిబిల్డ్:

నేనైతే ఇప్పటికీ పెట్టను. 6,800 విష్‌లిస్టులతో 31,746 ఎక్కడినుంచి వస్తాయో ఎవరూ చెప్పట్లేదు. పబ్లిషర్ తెస్తాడా? తెస్తే మంచిదే.

సరే, నిన్న రాత్రి మీ డెమో ఆడా. మూడో గదిలో అద్దం తిప్పొచ్చని తెలియక 20 నిమిషాలు అక్కడే తిరిగా. ముందు ఆ బగ్ సరిచెయ్యండి.

నాలుగోకుర్చీ:

అది బగ్ కాదు బ్రో. అదే పజిల్.

రాత్రిబిల్డ్:

నేను చెప్పేదీ అదే.