పావు స్కేల్ కబ్ కిట్: ఇంజిన్ 30 సీసీనా, 50 సీసీనా?

బాల్సారెక్క:
రేడియోతో ఎగరేసే మోడల్ విమానం కిట్ ఇది: పైపర్ కబ్‌కి పావు సైజు, రెక్కల పొడవు 2.7 మీటర్లు. అంతా బిగించాక 8 కిలోల దాకా తూగొచ్చు. 30 సీసీ పెట్రోల్ ఇంజిన్ సరిపోతుందా, 50 పెట్టేస్తే మేలా? ట్యాంకు, ఫైర్‌వాల్ (ముక్కులో ఇంజిన్ బిగించే చెక్క పలక) దగ్గర ఏం చూసుకోవాలి?

తోకచక్రం:
50 వద్దండీ. ఐడిల్‌లోనూ లాగుతూనే ఉంటుంది, దిగమంటే దిగదు, రన్‌వే పొడుగునా తేలుతూ పోతుంది. 30 ఎగరేస్తుంది. కానీ కబ్‌కి ముక్కు పొట్టి, తోక పొడుగు, బరువంతా వెనక్కే వస్తుంది. తేలికపాటి 30 పెట్టి ముక్కులో సీసం నింపేకంటే ఆ బరువేదో 38 సీసీ ఇంజిన్‌గా ఉంటేనే నయం. కొనేముందే తేల్చుకోవచ్చు: తోక, సర్వోలు (రెక్కల, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), బ్యాటరీలు టేపుతో తగిలించి, ఇంజిన్ బరువంత ఇసుక సంచి ముక్కుకి కట్టి సీజీ (విమానం బరువు ముందూ వెనకా సమంగా తూగే చోటు) చూడండి. ప్రొపెల్లర్ 30కి 18×8, 38కి 20×8 (వ్యాసం × పిచ్, అంగుళాల్లో).

పెట్రోలుబుడ్డి:
ట్యాంకులో సిలికాన్ ట్యూబు మాత్రం వాడకండి. పెట్రోలుకి ఉబ్బి, మెత్తబడి, గొట్టం మీంచి జారిపోతుంది. పెట్రోలుకి తట్టుకునే టైగాన్ ట్యూబు వేయండి, బిరడా కూడా పెట్రోలుకి పనికొచ్చేదే ఉండాలి. లోపలి క్లంక్ (ఇంధనం పీల్చే ట్యూబు చివర ఉండే బరువు) ట్యాంకు వెనక గోడకి ఓ 5 మి.మీ. ఎడంగా ఉండాలి. ట్యాంకు ఊపితే అటూ ఇటూ తేలిగ్గా వాలాలి, ఎక్కడా ఇరుక్కోకూడదు. వాల్‌బ్రో తరహా కార్బ్యురేటర్‌కి సొంత పంపు ఉంటుంది కాబట్టి ట్యాంకుని సీజీ దగ్గరికి జరపొచ్చు. అప్పుడు ఇంధనం తగ్గినా బ్యాలెన్సు కదలదు. పెట్రోలులో కలిపే ఆయిల్ 30:1, అంటే 3 లీటర్ల పెట్రోలుకి 100 మి.లీ.

బాల్సారెక్క:
ఫైర్‌వాల్ కిట్‌లోనే అతికించి వచ్చిందండీ. అలాగే వదిలేయొచ్చా?

జిగురుడబ్బా:
నమ్మకండి. పెట్రోల్ ఇంజిన్ వణుకుడికి ముందు ఊడేది అదే. లోపలి మూలల్లో త్రికోణపు బాల్సా (తేలికపాటి చెక్క) ముక్కలు 30 నిమిషాల ఎపాక్సీతో అతికించండి. 5 నిమిషాలది చెక్కలోకి ఇంకేలోపే గట్టిపడిపోతుంది. తర్వాత పక్కల నుంచి ఫైర్‌వాల్ అంచులోకి రంధ్రాలు వేసి 3 మి.మీ. చెక్క పుల్లలు దిగ్గొట్టండి. పచ్చి చెక్క ఎక్కడ కనిపించినా పల్చగా ఎపాక్సీ పూయండి, లేకపోతే నూనె పీల్చుకుంటుంది. బోల్టులకి నీలం థ్రెడ్‌లాకర్ (వణుకుడికి మర వదులవకుండా పట్టే జిగురు) తప్పనిసరి.

ఇంకోటి. తోక అతికించేచోట కవరింగ్ ఫిల్మ్‌ని బ్లేడుతో కోయొద్దు. బాల్సా మీద గీత పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనతో కరిగించి తీయండి.

తోకచక్రం:
ఒకటి మరిచాను. రిసీవర్‌ని ఇగ్నిషన్ నుంచి కనీసం 30 సెం.మీ. దూరం పెట్టండి. థ్రాటిల్‌కి లోహపు కడ్డీ కాకుండా నైలాన్‌ది వేయండి. రేంజ్ చెక్ (రేడియో ఎంత దూరం అందుతుందో చూడటం) ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఇంకోసారి. రెండోసారి దూరం తగ్గిందంటే అది ఇగ్నిషన్ పనే, ఎగరేయకండి.