కమింగ్, జార్జియా: అద్దె ఇంటి వెనక నల్ల పాము, ఒంటినిండా తెల్ల కట్లు

కమింగ్, కొత్తగా వచ్చినవాళ్ళం:
అందరికీ నమస్కారం అండి. ఇవాళ పొద్దున ఏసీ యూనిట్ పక్కన నల్ల పాము కనపడింది, మూడడుగులుంటుంది, సన్నగా తెల్ల కట్లు. మా అత్తగారు కట్లపామే అని ఒకటే గోల, పిల్లల్ని గడప దాటనివ్వట్లేదు. పారతో కొట్టెయ్యొచ్చా?

ఆల్ఫారెట్టా:
తమ్ముడూ ముందు ఆ పార లోపల పెట్టు. కట్లపాము ఆసియాలోదే, ఇక్కడ ఉండదు. ఇది ఈస్టర్న్ కింగ్‌స్నేక్, విషం లేదు. తెల్ల గీతలు వీపు మీద అడ్డంగా పోయి పక్కల్లో కలుసుకుని గొలుసులా కనపడతాయి, ఫోటో తీసుంటే చూస్కో. జార్జియాలో విషం లేని పాముని చంపితే 1000 డాలర్ల ఫైన్, ఏడాది జైలు దాకా ఉంది, పట్టి పెంచుకోడానికీ లేదు. అసలు అది కాపర్‌హెడ్ అనే విషపాముల్ని తింటుంది. మా వెనక వాగు దగ్గర చూశా, కాపర్‌హెడ్ తలని నోట కరిచి ఒంటికి చుట్లు బిగించేసింది, అది కాటేస్తూనే ఉంది, దీనికి చీమ కుట్టినట్టు కూడా లేదు, ఆ విషం దీనికి ఎక్కదు మరి, తర్వాత తల వైపు నుంచి మింగడం మొదలెట్టింది, తోక కొస లోపలికి పోయేదాకా కదల్లేదు నేను.

షార్లెట్:
పాము సంగతి సరే, లీజ్ చదివారా? మాకూ ఇలాగే కనపడితే ల్యాండ్‌లార్డ్‌కి ఫోన్ చేశాం, నేను చూస్కుంటా అని పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పంపాడు, వాళ్ళు నాఫ్తలీన్ గోళీలు చల్లేసి పోయారు. వాటికి పాములు పోవు, పైగా మా బుడ్డోడు ఒకటి నోట్లో పెట్టుకోబోయాడు. ఖాళీ చేసేటప్పుడు ఆ బిల్లంతా డిపాజిట్‌లో కోసేశాడు, యార్డ్ బాధ్యత మీదేనని లీజ్‌లో ఉందట, ఫోన్లో అన్న మాటకి సాక్ష్యం ఏదీ? ఏదున్నా మెయిల్లోనే పెట్టండి.

శాక్రమెంటో:
విషం ఎక్కదంటే అన్ని పాములదీ కాదండి, కాపర్‌హెడ్, ర్యాటిల్‌స్నేక్ లాంటి వైపర్లదే. మా కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌ని జనం ఇంట్లో పెంచుకుంటారు కూడా, అంత సాధువు.

ఆల్ఫారెట్టా:
అలా పెంచుకున్నవి బయటపడే కదా స్పెయిన్ వాళ్ళ గ్రాన్ కెనేరియా దీవిలో బల్లుల్ని ఊడ్చేస్తున్నాయి. 1998 నుంచీ అదే బాధ అక్కడ.

శాక్రమెంటో:
దానికి కాలిఫోర్నియా ఏం చేసిందండీ, అక్కడ పెంచినవాళ్ళని అడగండి.

డులూత్:
మీ ఇద్దరి పంచాయితీ తర్వాత, పాపం ఆ అబ్బాయి అడిగింది వేరు. బాబూ, అది తోక ఎండాకుల్లో గిలక్కాయలా ఆడించినా భయపడొద్దు, ఉత్త బెదిరింపే. చేత్తో పట్టకు, కరవగలదు, కంపు కూడా కొడుతుంది. దారి వదిలితే అదే పోతుంది. రాగి రంగు తల, లేత గోధుమ ఒంటి మీద డమరుకం మచ్చలుంటే అది కాపర్‌హెడ్, దూరం జరుగు. కట్టెల కుప్ప, ఎలకలు చేరే పక్షి గింజల డబ్బా గోడ దగ్గర్నుంచి తీసెయ్యి. మీ అత్తగారికి ఫోటోలో ఆ గొలుసు చూపించు.