‘టక్’ అని ఒక్క శబ్దం, ఇంజన్ కదలదు: సెల్ఫ్ మోటార్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

జడ్చర్ల నుంచి, ఇప్పుడు ఇర్వింగ్, టెక్సస్

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఆగస్టులో చదువు కోసం వచ్చాను. మూడు వారాల క్రితం సీనియర్ ఒకరి దగ్గర 2007 టయోటా కామ్రీ కారు కొన్నాను. నాలుగు సిలిండర్ల బండి, ఆటోమేటిక్. వారం రోజులుగా తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క శబ్దం వస్తుంది, ఇంజన్ కదలదు. నాలుగైదు సార్లు తిప్పితే ఒకసారి అందుకునేది. నిన్నటి నుంచి అదీ లేదు. లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. దగ్గరలోని మెకానిక్ బండిని చూడకుండానే, ఫోన్లోనే, స్టార్టర్ (ఇంజన్‌ను మొదట తిప్పే మోటార్, మనం సెల్ఫ్ అనేది) పోయింది, 640 డాలర్లు అవుతుందన్నాడు. జడ్చర్లలో మా నాన్నకు ఆ శబ్దం ఫోన్లో వినిపిస్తే, “సెల్ఫ్ పోయింది, విప్పి కార్బన్ బ్రష్‌లు వేయించు” అన్నారు. మోటార్ లోపలికి కరెంటు అందించే ఆ బ్రష్‌లు వేసేవాళ్లు ఇక్కడ ఎవరూ కనిపించడం లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగులో నేనే మార్చుకోవచ్చా? నా దగ్గర పనిముట్లు ఏవీ లేవు.

సూర్యాపేట నుంచి, ప్లానో

తమ్ముడూ, సెల్ఫ్ పోయిందని ఎవరు చెప్పినా, మీ నాన్నగారే చెప్పినా, బ్యాటరీ సంగతి తేలేదాకా స్టార్టర్ కొనకు. నేను వచ్చిన మొదటి ఏడాది 180 డాలర్లు పెట్టి స్టార్టర్ కొని, నాలుగు గంటలు బండి కింద పడుకుని మార్చాను. లేచి తాళం తిప్పితే మళ్లీ అదే ‘టక్’. లోపమంతా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌లో ఉంది. పైకి శుభ్రంగానే కనిపించింది. చేత్తో పట్టుకుని తిప్పితే తీగను పట్టి ఉంచే క్లాంపు గుండ్రంగా తిరిగింది. ఊడదీసి చూస్తే లోపలి అంచంతా తెల్లటి పొర, అక్కడక్కడ పచ్చటి చిలుము. అలాంటి కనెక్షన్ మీద లైట్లు వెలుగుతాయి, రేడియో పాడుతుంది. కానీ ఇంజన్ తిరగాలంటే 150 నుంచి 200 ఆంపియర్ల కరెంటు కావాలి. అంత కరెంటు ఆ పొరను దాటి పోలేదు.

పది పదిహేను డాలర్లకు వోల్టులు కొలిచే మల్టీమీటర్ దొరుకుతుంది, ముందు అది కొను. రాత్రంతా ఆగి ఉన్న బండికి బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి దిగింది. తర్వాత స్నేహితుణ్ణి తాళం తిప్పమని చెప్పి, తిప్పుతున్నంతసేపూ మీటరు చూడు. తొమ్మిదిన్నర కంటే కిందికి జారితే ముందు బ్యాటరీని అనుమానించు. ‘టక్’ అన్నా మీటరు దాదాపు కదలకపోతే, స్టార్టర్ అసలు కరెంటే లాగడం లేదని అర్థం. అప్పుడు లోపం దాని లోపల గాని, కేబుల్‌లో గాని ఉంటుంది. కేబుల్ సంగతి తేల్చడానికి ఎర్ర తీగను బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగను స్టార్టర్ మీదున్న లావు బోల్టు మీద పెట్టి మళ్లీ తిప్పించు. అర వోల్టు కంటే ఎక్కువ వస్తే కేబులో, దాని బిగింపో పాడైంది.

ఇంకొకటి. ఆ ‘టక్’ ఎక్కడి నుంచి వస్తోందో బానెట్ ఎత్తి వినండి. ఫ్యూజుల డబ్బాలోంచి వస్తే అది రిలే (స్టార్టర్‌కు కరెంటు పంపే చిన్న స్విచ్చు) శబ్దం, కరెంటు స్టార్టర్ దాకా చేరిందని నమ్మకం లేదు. కింద ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటు నుంచి వస్తే స్టార్టర్ సొలినాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే, దాని మీదే ఉండే స్విచ్చు) పనిచేస్తోందన్నమాట. టకటకటక అని వరసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే దాదాపు ప్రతిసారీ బ్యాటరీయే. అసలు శబ్దమే లేకపోతే గేరును పార్కు నుంచి న్యూట్రల్‌కు మార్చి చూడాలి.

మిర్యాలగూడ నుంచి, షార్లెట్, నార్త్ కరోలినా

లోపం ఎలా పట్టాలో అన్న చెప్పారు. పని ఎక్కడ చేయకూడదో నేను చెబుతాను.

2016లో నేనున్న అపార్ట్‌మెంట్ పార్కింగులో ఇదే పని పెట్టుకున్నాను. శనివారం మధ్యాహ్నం బండి ముందు భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, పాత స్టార్టర్ విప్పేశాను. స్నేహితుడి బండిలో వెళ్లి తెచ్చిన కొత్తదానికి బోల్టు రంధ్రాలు కలవలేదు. వేరే ఇంజన్‌ది ఇచ్చారు. సరైనది సోమవారానికి గాని రాదన్నారు. సరేనని బండిని అలాగే వదిలి పైకి వెళ్లాను. ఆదివారం సాయంత్రం చూస్తే అద్దం మీద నారింజ రంగు కాగితం, ‘నడవని వాహనం’ అని. ఆఫీసు మూసి ఉంది. సోమవారం తెరవగానే బతిమాలుకుందామని పొద్దున్నే కిందికి దిగితే నా చోటు ఖాళీ. నేను పడుకోవడానికి పరుచుకున్న అట్టపెట్టె ముక్క మాత్రం అక్కడే ఉంది, దాని మీద నా 14 నంబరు సాకెట్ ఉంది.

బండిని ఎత్తుకెళ్లిన యార్డు ఊరికి ఇరవై మైళ్ల దూరం. బండి కాగితాలు చూపిస్తేనే లోపలికి రానిస్తామన్నారు. కాగితాలు బండిలోనే ఉన్నాయి. బండి దగ్గరికి వెళ్లనిస్తే కాగితాలు తెస్తానన్నాను, కాగితాలు తెస్తే బండి దగ్గరికి వెళ్లనిస్తామన్నారు. గంటన్నర ఎండలో నిలబడ్డాక కిటికీ వెనకున్న ఆమెకు నా మీద జాలి కలిగి, తానే వెళ్లి డ్యాష్‌బోర్డు పెట్టెలోంచి తెచ్చింది. 285 డాలర్లు, అదీ నగదుగానే కట్టాలి. స్టార్టర్ లేని బండి కదలదు కాబట్టి ఇంటికి తేవడానికి ఇంకో టో ట్రక్కు, 120. ఆ ఇంటికీ తేలేకపోయాను, స్నేహితుడి గ్యారేజీకి చేర్చాను. ఆఫీసులో అడిగితే లీజు పద్నాలుగో పేజీ తిప్పి చూపించారు. ఆవరణలో వాహనాల మరమ్మతు నిషేధమని ఉంది, కింద నా సంతకం ఉంది.

తమ్ముడూ, లీజులో వాహనాల పేజీ ఈ రాత్రే చదువు. అనుమతి అడిగితే ఈమెయిల్‌లో అడుగు, నోటిమాట పనికిరాదు. నోటీసు పెట్టాక 24 గంటలు ఆగాలని ఎవరో చెప్పగా విన్నాను, అదైనా వాళ్లు పాటించలేదు.

వనపర్తి నుంచి, ఫ్రిస్కో

షార్లెట్ అన్నా, ఆ 24 గంటల మాట అన్ని చోట్లా చెల్లదు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. మీ దగ్గరి మాటను టెక్సస్ పిల్లవాడికి చెబితే అతను దాన్నే నమ్ముకుని కూర్చుంటాడు.

తమ్ముడూ, స్టార్టర్ కంటే ముందు బండి నీ పేరు మీదికి మారిందా? టెక్సస్‌లో కొన్న 30 రోజుల్లోపు టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం) మార్పించుకోవాలి. చాలామంది సీనియర్లు సంతకం పెట్టిన కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోతారు, కొన్నవాళ్లు దాన్ని బల్ల సొరుగులో పెట్టి మరిచిపోతారు. రేపు టో యార్డు కిటికీ దగ్గర ఆ కాగితమే అడుగుతారు. ఆ తర్వాత ఏటా చేయించాల్సిన భద్రతా తనిఖీ ఉంటుంది, అందులో స్టార్టర్, బ్రేకులు, హారన్ అన్నీ చూస్తారు.

సూర్యాపేట నుంచి, ప్లానో

భద్రతా తనిఖీ ఇప్పుడు లేదు. సొంత వాహనాలకు 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. ఉన్నప్పుడు కూడా స్టార్టర్ అందులో భాగం కాదు. ఇర్వింగ్ డాలస్ కౌంటీలో ఉంది కాబట్టి పొగ పరీక్ష మాత్రం అలాగే ఉంది. ఇది మన విషయానికి సంబంధించిన మాటే. స్టార్టర్ మార్చడానికి బ్యాటరీ తీగ తీస్తే బండి కంప్యూటర్ దాచుకున్న పరీక్షల ఫలితాలన్నీ చెరిగిపోతాయి. మర్నాడే పొగ పరీక్షకు వెళితే బండి సిద్ధంగా లేదని తిప్పి పంపుతారు. కొన్ని రోజులు ఊళ్లోనూ, హైవే మీదా నడిపి వెళ్లాలి.

వనపర్తి నుంచి, ఫ్రిస్కో

సరే, తనిఖీ మాట వెనక్కి తీసుకుంటున్నాను, నా బండికి చేయించి చాలా కాలమైంది. టైటిల్ మాట మాత్రం మారదు.

నకిరేకల్ నుంచి, ఎడిసన్

తమ్ముడూ, నేను నా కామ్రీకి స్వయంగా మార్చుకున్నాను, నువ్వూ చేయగలవు. ఈ నాలుగు సిలిండర్ల కామ్రీలో స్టార్టర్ రేడియేటర్ వైపు, గేర్‌బాక్స్‌ను ఆనుకుని ఉంటుంది. పై నుంచే అందుకోవచ్చు. బ్యాటరీ, దాని కింద పళ్లెం, గాలి ఫిల్టరు డబ్బా తీసేస్తే చెయ్యి పడుతుంది. కొన్ని బండ్లలో ఇంజన్‌కు గాలి పంచే గొట్టాల (ఇన్‌టేక్ మానిఫోల్డ్) కింద దాక్కుని ఉంటుంది, వాటి జోలికి కొత్తవాళ్లు వెళ్లకూడదు. నీది అలాంటిది కాదు.

పని మొదలుపెట్టే ముందు ఉంగరం, చేతి గడియారం, కడియం తీసెయ్. నేను గాజులు, గొలుసు తీసి వంటింట్లో పెట్టి కిందికి దిగాను. స్టార్టర్‌కు వచ్చే లావు తీగలో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. ఆ బోల్టుకూ బండి ఇనుముకూ మధ్య లోహం తగిలితే వేలి మీదే ఎర్రగా కాలుతుంది. అందుకే అన్నిటికంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయాలి, చివర బిగించేదీ అదే. తీగలు విప్పకముందు ఫోన్లో ఫొటోలు తీసుకో. స్టార్టర్‌ను పట్టి ఉంచేవి రెండు బోల్టులు, నా బండికి 14 నంబరు సాకెట్ పట్టింది. పై బోల్టు సులువుగానే వచ్చింది. కింది బోల్టుకు పొడవాటి ఎక్స్‌టెన్షన్ కావాల్సి వచ్చింది, దాని దగ్గరే గంట పోయింది. రెండో బోల్టు వదిలేటప్పుడు స్టార్టర్‌ను ఇంకో చేత్తో పట్టుకో, బరువుగా ఉంటుంది. కొత్తది పెట్టే ముందు పాతదాన్ని పక్కన పెట్టి పళ్లు, రంధ్రాలు, తీగ తగిలించే చోటు సరిపోయాయో చూడు, లేకపోతే మిర్యాలగూడ అన్న కథే. బోల్టులను ముందు వేళ్లతో తిప్పి ఎక్కించు, తర్వాతే పానా పెట్టు. తీగ బిగించే నట్టును మరీ గట్టిగా బిగిస్తే కింది ప్లాస్టిక్ పగులుతుంది.

బండి కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్మి దూరవద్దు. సమతలంగా ఉన్న కాంక్రీటు నేల, రెండు స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డుకట్టలు. ఈ మూడూ లేకపోతే ఆ రోజు పని మానుకో.

పనిముట్లు కొనకు. ఆటోజోన్, ఓరైలీ దుకాణాల్లో చాలా పనిముట్లు డిపాజిట్ కడితే అరువిస్తారు, తిరిగి ఇస్తే డబ్బంతా వెనక్కి వస్తుంది. విప్పిన స్టార్టర్‌ను తీసుకెళితే ఉచితంగా పరీక్షించి చెబుతారు.

దేవరకొండ నుంచి, హ్యూస్టన్

వాళ్ల నాన్నగారి మాటను ఎవరూ పట్టించుకోలేదు, అది నాకు నచ్చలేదు. ఆయన చెప్పింది తప్పు కాదు. మన దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్ సెల్ఫ్ విప్పి, బ్రష్‌లు, బుష్‌లు మార్చి సాయంత్రానికి ఇచ్చేస్తాడు. నా 1998 కామ్రీకి ఇదే ‘టక్’ వచ్చినప్పుడు నేను సొలినాయిడ్ మూత తీసి చూశాను. లోపల రెండు రాగి ముక్కలున్నాయి. ఒకటి ఇంకా మందంగా ఉంది. రెండోది ఒక పక్క మెట్టులా అరిగి, అంచు నల్లగా కాలి, కాగితంలా పలచబడింది. కదిలే పళ్లెం ముందుకొస్తోంది, ‘టక్’ మంటోంది, ఆ అరిగిన ముక్కకు మాత్రం తగలడం లేదు. ఆ రెండు రాగి ముక్కలు మార్చితే చాలు, ఇరవై డాలర్ల లోపే అయింది. బండి ఆ తర్వాత ఆరేళ్లు నడిచింది.

ప్రస్తుతానికి బండి కదలాలంటే ఒకరు తాళం తిప్పుతుండగా ఇంకొకరు స్టార్టర్‌ను సుత్తితో కొట్టాలి. అందుకుంటే జబ్బు స్టార్టర్‌దేనని తేలినట్టు.

నకిరేకల్ నుంచి, ఎడిసన్

అన్నా, సుత్తితో కొట్టమని పిల్లలకు చెప్పకండి. ఇప్పటి స్టార్టర్లలో చాలావాటికి లోపల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, గట్టి దెబ్బకు పగులుతాయి. కట్టె పిడితో నెమ్మదిగా రెండు సార్లు తట్టితే చాలు.

దేవరకొండ నుంచి, హ్యూస్టన్

నెమ్మదిగానే అమ్మా, నా ఉద్దేశం కూడా అదే. అయస్కాంతాల మాట నిజమే. దానికంటే ప్రమాదం స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి సొలినాయిడ్‌ను కలపడం. గేరులో ఉందో లేదో చూసే స్విచ్చును అది పక్కకు నెట్టేస్తుంది, బండి గేరులో ఉంటే మనిషి మీదికే వస్తుంది. అది మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు, తమ్ముడూ.

జడ్చర్ల నుంచి, ఇర్వింగ్

అందరికీ నమస్కారం. శనివారం పని పూర్తయింది.

బ్యాటరీ 12.5 చూపించింది. టెర్మినళ్లు విప్పి బ్రష్షుతో రుద్ది బిగించాను, తేడా లేదు. ‘టక్’ కింది నుంచే వస్తోంది, అన్నప్పుడు మీటరు దాదాపు కదల్లేదు. కేబుల్ మీద ఏమీ చూపించలేదు. స్నేహితుడు తాళం తిప్పుతుంటే చీపురు కట్టెతో రెండు సార్లు తట్టాను, అందుకుంది. లీజు చదివితే మా దగ్గరా మరమ్మతు నిషేధమే. అందుకని ఇంజన్ ఆపకుండా నేరుగా వనపర్తి అన్న ఇంటికి నడిపాను. వాళ్ల గ్యారేజీలో మూడున్నర గంటలు పట్టింది, అందులో కింది బోల్టుకే గంట. స్టార్టర్ 165, పాతది తిరిగి ఇచ్చేదాకా డిపాజిట్ 40. మొదటిసారి తాళం తిప్పినప్పుడు నాన్నను వీడియోలో పెట్టాను. జడ్చర్లలో అప్పటికి తెల్లవారలేదు. ఆ శబ్దం విని అమ్మను కూడా లేపారు.

టైటిల్ కాగితాలు సోమవారం ఇచ్చి వచ్చాను. పాత స్టార్టర్ డిక్కీలో ఉంది. దేవరకొండ అన్న చెప్పిన రాగి ముక్కలు ఎలా అరిగాయో విప్పి చూడాలని ఉంది.

సూర్యాపేట నుంచి, ప్లానో

విప్పకు. భాగాలుగా విప్పినదాన్ని దుకాణంవాళ్లు తీసుకోకపోవచ్చు, 40 డాలర్లు పోతాయి. కొత్తది వచ్చిన పెట్టెలోనే పెట్టి, రసీదుతో రేపే తీసుకెళ్లు. రసీదును ఫొటో తీసి ఉంచుకో, ఆ పల్చటి కాగితం మీద సిరా ఏడాదిలో చెరిగిపోతుంది, స్టార్టర్ వారంటీకి అదే ఆధారం.