41 ఏళ్లకు ఉద్యోగం మానేసి ఆన్‌లైన్‌లో చీరలు అమ్మొచ్చా?

ప్రశ్న (నారాయణపేట): ఉద్యోగం చేస్తూనే రెండేళ్లుగా మా ఊరి మగ్గం చీరలు వాట్సాప్‌లో అమ్ముతున్నాను. ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెడదామంటే "ఈ వయసులో ఎందుకమ్మా" అంటున్నారు ఇంట్లో. ఆన్‌లైన్‌లో మేకప్ సామాను అమ్మే నైకా కంపెనీ పెట్టిన ఫల్గుణి నాయర్ ఎలా నిలబడ్డారు?

జవాబు (నల్గొండ): అక్కా, ఆమె నైకా పెట్టింది 2012లో, 50 ఏళ్లు దగ్గరపడ్డాక. అంతకుముందు కోటక్ మహీంద్రా ఆర్థిక సంస్థలో దాదాపు రెండు దశాబ్దాలు చేశారు, కంపెనీలను షేర్ మార్కెట్‌కు తీసుకెళ్లే పని దగ్గరుండి చూశారు. నాకు బాగా నచ్చింది మాత్రం వేరే. మేకప్ సామానులో నకిలీల భయం ఎక్కువ కదా, అందుకే బ్రాండ్ల దగ్గర నేరుగా కొని, తన గోదాముల్లో పెట్టుకుని అమ్మారు. బట్టల వైపు 2018లో వచ్చారు, 2021 నవంబరులో షేర్ మార్కెట్‌కు వెళ్లారు. మీకూ అదే వర్తిస్తుంది: నారాయణపేట చీరకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు అసలు సరుకు అని చెప్పే గుర్తింపు) ఉంది, పవర్‌లూమ్ నకలు కాదని కొనేవాళ్లకు నమ్మకం కుదరాలి, మగ్గం మీద ఉండగానే వీడియో తీసి పెట్టండి.

జవాబు (పుట్టపాక): ఉద్యోగం ఇప్పుడే మానకండి మేడమ్. మేము దుపట్టాలు పంపితే, ఫొటోలో రంగు వేరేగా ఉందని మొదటి పండగ సీజన్‌లోనే చాలా వెనక్కి వచ్చాయి, రానుపోను కొరియర్ ఖర్చు మా మీదే పడింది, చాలా టెన్షన్ పడ్డాం. పగటి వెలుగులోనే ఫొటోలు తీయండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. ఆర్నెల్లు ఉద్యోగంలోనే ఉంటాను. వ్యాపారం చేసే మహిళలకు సాయంగా తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టిన వీ హబ్‌కు ఈలోగా హైదరాబాద్ వెళ్లి వస్తాను.